తెర అంచున వణికే గీత

జూన్ 3. మబ్బు పట్టింది, చినుకు లేదు. పొద్దున ప్రొజెక్టరు గదికున్న రెండు అద్దాలూ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచాను.

పిచ్చుకా,

నువ్వు పనిచేసిన సినిమా మా హాలుకి వచ్చింది. రీళ్ళ పెట్టెలు శుక్రవారం బస్సు మీద దిగాయి. నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు, నీకు తెలిసిందే. రోజూ డైరీలో రాసుకునేట్టే రాస్తాను, సర్దుకుని చదువుకో.

మొదటిరోజు జనం బాగానే వచ్చారు. ఆస్పత్రుల్లో సుద్ద మాత్రలు పంచిన సంగతి మీ నాన్నా, ఆయనతో పనిచేసిన సన్నాయనా పత్రికలో బయటపెట్టినప్పుడు ఊరంతా చదివింది కదా. అది బొమ్మగా చూద్దామని వచ్చారు. ఇంటర్వెల్ అయ్యేసరికి సగంమంది ఇళ్ళకి వెళ్ళారు, మిగిలినవాళ్ళు నిద్రపోయారు. మీ నాన్న పాత్ర వేసిన హీరో తోలుకోటు వేసుకుని మేడల మీద నుంచి దూకుతాడు, జీపుల వెనక పరిగెడతాడు. సినిమా మొత్తంలో ఒక్క ముక్క రాయడు. మీ అమ్మ చూసి ఇంటికెళ్ళి మీ నాన్నతో, "మీరు పరిగెత్తడం నేను ఒక్కసారే చూశాను, అదీ బస్సు కోసం" అందట.

అంతవరకు నవ్వుకున్నాం. శనివారం మ్యాట్నీకి టీచరమ్మ వచ్చింది. సన్నాయన పోయాక ఆవిడ హాలు గడప తొక్కడం ఇదే మొదలు. సినిమా సగంలో కిందికి చూస్తే ఆవిడ కుర్చీ ఖాళీ. తిన్నగా మీ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి మీ నాన్నని అడిగిందట. "అన్నయ్యా, మా ఆయన ఆ కాగితాలు అమ్ముకున్నారా? ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా దాచారా?"

సినిమాలో సన్నాయన పాత్ర పత్రికాఫీసులో ఫోనెత్తి సుద్ద మాత్రల రుజువు కాగితాలు మంత్రి మనుషులకి బేరం పెడుతుంది. నువ్వు చూసే ఉంటావు. నిజానికి ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని పడుకున్న మనిషి ఆయన. విచారణ అయ్యేలోపే పోయాడు, తను గెలిచానని కూడా తెలియకుండా.

మీ నాన్న టీచరమ్మకి కాదని చెప్పాడు. ఆవిడ నమ్మిందో లేదో తెలియదు. ఆవిడ వెళ్ళాక నీ పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు. లోపలి సంగతులు నువ్వే చెప్పి ఇలా చేయించావని ఆయన అనుకుంటున్నాడు.

నేను ఏమీ అనలేదు. నువ్వు ఏం చెబుతావో రాయి.

మామయ్య

---

జూన్ 6

మామయ్యా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. ఇవి ఎక్కడికీ వెళ్ళని మెట్లు, పైన గోడ ఉంటుంది. కొత్త సినిమా సెట్టు కోసం నిన్ననే కట్టాం. చదవడం అయ్యాక నాకూ ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే ఉండిపోయాను.

నేను ఆ సినిమా చూడలేదు. నమ్ముతావా? గదులు కట్టేవాళ్ళకి కథ ఎవరూ చెప్పరు. గోడ కట్టమంటారు, కడతాం. కూల్చమంటారు, కూలుస్తాం. ఆ సీను తీసినరోజు నేను లైటు వెనకాల నిలబడి విన్నాను. సన్నబాబాయి వేషం వేసినాయన ఫోన్లో అన్నది బేరం మాట కాదు, వేరే మాట. అది ఎక్కడ ఎలా మారిందో కనుక్కుని రాస్తాను. ఇప్పుడే ఏం చెప్పినా నాన్నకి సాకులాగే ఉంటుంది.

కానీ ఆ గది నాది. పత్రికాఫీసు గది నేను కట్టాను మామయ్యా. ఒక పాత గోదాములో, బొమ్మలు గీసుకుని, కొలతలన్నీ జ్ఞాపకంలోంచి తీసి కట్టాను. చిన్నప్పుడు బడి వదలగానే నాన్న దగ్గరికి వెళ్ళి పాత పేపరు కట్టల మీద పడుకునేదాన్ని గుర్తుందా? నాన్న పని అయ్యేదాకా అదే నా మంచం. అక్కడి నుంచి ఆ గది ఎలా కనిపించేదో అలాగే కట్టాను. పెచ్చులూడిన గోడ, సిరా చేతులు తుడిచి తుడిచి నల్లబడ్డ కర్టెను, ఎండాకాలంలో కూడా సన్నబాబాయి కుర్చీకి వేలాడే గొడుగు, ఆయన వెనక కిటికీ. గోదాముకి కిటికీ లేదు. గోడకి కన్నం కొట్టించి, పల్చటి గుడ్డ కట్టి, దాని వెనక దీపం పెట్టించాం. సాయంత్రం ఎండ వచ్చేసింది. ఎండలో దుమ్ము కూడా లేచింది. అది నేను పెట్టలేదు, దానంతటదే వచ్చింది.

ఆ దీపం వేసి చూసినరోజు నేను కట్టల మీద పడుకుని నిజంగానే నిద్రపోయాను. ఎవరో భుజం తట్టి లేపితే, ఎత్తుకుంటారని చేతులు చాచాను. చూస్తే ప్రొడక్షన్ మేనేజరు. పాపం ఆయన వారం రోజులు నా కంటపడకుండా తిరిగాడు.

ఒక్క పని చేసిపెట్టు. సినిమా వద్దు, ఆ గది ఒక్కటి నాన్నకి చూపించు. అందులో నేను ఒక్క అబద్ధం పెట్టినా ఆయనకి తెలిసిపోతుంది. గది అబద్ధమైతే నేనూ అబద్ధమే, నా పేరు ఎత్తకపోవడమే న్యాయం. నిజమైతే ఆయనే ఏదో ఒకటి అంటాడు. ఏమన్నా సరే, అన్నది అన్నట్టు నాకు రాయి.

నీ పిచ్చుక

---

జూన్ 10. వాన, పొద్దున్నుంచి ఒకే జోరు. ప్రొజెక్టరు దీపం పెట్టెలో బూడిద దులిపాను. పైకప్పు కారే చోట బకెట్టు పెట్టాను.

పిచ్చుకా,

మీ నాన్నని అడిగాను. రానన్నాడు. మళ్ళీ అడిగాను. పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మీ అమ్మ వంటింట్లోంచి, "బావ మౌనం ఒక ఇటుక, బామ్మర్ది మౌనం ఒక ఇటుక, ఇలా పేర్చుకుంటూ పోతే మన పోర్షనుకి ఇంకో గోడ లేస్తుంది, అద్దె పెంచుతాడు ఇంటాయన" అంది. అప్పుడు లేచాడు.

ఇవాళ మ్యాట్నీకి వచ్చాడు. హాల్లో కూర్చోనన్నాడు, జనం తన మొహం చూస్తారని. నా గదిలోకి తీసుకొచ్చి ఖాళీ పెట్టె మీద కూర్చోబెట్టాను. నీ గది వచ్చే ముందే రీలు తెగింది. రెండుచోట్ల తెగి, నడిమి ముక్క చుట్టలుగా నేల మీద పడింది. జనం ఈలలు. బావ పక్కనే నిలబడి నా చేతులనే చూస్తున్నాడు. గబగబా అతికి మళ్ళీ వేశాను. బొమ్మ వచ్చింది, మాట రాలేదు, గరగర మంది. సౌండు తగ్గించేసి, సౌండు పెట్టెలో తల పెట్టి ఎక్కడ పోయిందో వెతుకుతూ ఉండిపోయాను. అందుకని ఆ సీను నేను చూడలేదు. ఆయన చూశాడు.

"కిటికీ ఆ పక్కన కాదు" అన్నాడు.

సీను అవగానే లేచి వెళ్ళిపోయాడు. గొడుగు మర్చిపోయాడు.

అన్నది అన్నట్టు రాయమన్నావు గనక రాశాను. ఫస్ట్ షో ముందు బస్సుకి అందేలా ఇప్పుడే పోస్టులో వేస్తున్నాను.

మామయ్య

---

జూన్ 13

మామయ్యా,

కిటికీ.

ఇంకేదైనా అనుంటే సర్దుకునేదాన్ని. గోడ రంగు వేరన్నా, బల్ల ఎత్తు తప్పన్నా. ఆ గదిలో మొదట నిలబెట్టింది కిటికీనే. కట్టల మీద పడుకుంటే ఎండ ముందు సన్నబాబాయి ఎడమ చెవి మీద పడేది. చెవి ఎర్రగా వెలిగేది, లోపల దీపం పెట్టినట్టు. ఆ చెవి చూసుకుంటూ నిద్రలోకి జారుకునేదాన్ని. అది కుడి చెవా? ఇన్నేళ్ళూ నేను మోసుకు తిరిగింది నేను కల్పించుకున్న గదేనా? నిన్నంతా కళ్ళు మూసుకుని మళ్ళీమళ్ళీ పడుకుని చూశాను. ఎన్నిసార్లు పడుకున్నా ఎండ అటువైపు నుంచే వస్తోంది. జ్ఞాపకానికి ఎడమా కుడీ తెలియవేమో.

ఫోను మాట సంగతి కనుక్కున్నాను. ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు గానీ నీకు తెలియాలి. సన్నబాబాయి రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వాళ్ళింటి కింద కొట్టుకి ఫోను చేసి పిన్నిని పిలిపించేవాడు. రోజూ ఒకటే మాట. "ఆలస్యమవుతుంది, తలుపు గడియ పెట్టకు." కట్టల మీద పడుకుని అది రోజూ వినేదాన్ని. ఆ మాట కథ రాసే ఆయనకి నేనే చెప్పాను. ఆయనకి నచ్చి సీను రాశాడు, తీశారు, నేను వింటూ ఏడ్చాను. తీరా సినిమా అంతా అతికి చూసుకుంటే ఇంటర్వెల్‌కి పట్టు లేదన్నారట పెద్దవాళ్ళు. ఎవడో ఒకడు ద్రోహి కావాలి అన్నారట. మళ్ళీ తీయడానికి ఓపిక లేక, స్టూడియోలో ఆ పెదాల మీదే బేరం మాటలు పోశారు. గొంతు కూడా ఆ నటుడిది కాదు.

అంటే నాన్న అనుకున్నదీ పూర్తిగా తప్పు కాదు. సన్నబాబాయిని ఫోను దగ్గర కూర్చోబెట్టింది నేనే.

వచ్చే సినిమాకి ఇల్లు కట్టమన్నారు. పెద్ద ఇల్లు, మేడ మీద వరండా. వరండాలోకి ఎండ ఏ పక్క నుంచి రావాలని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

పిచ్చుక

---

జూన్ 16. తెరిపి ఇచ్చింది. సౌండు పెట్టె విప్పి దులిపి బిగించాను. అందులో లోపమేమీ లేదు.

పిచ్చుకా,

ఉత్తరానికి ఉత్తరం రాయడం నా అలవాటు. నీ జవాబు కోసం ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

కిటికీ తప్పు నీది కాదు, నాది. ఆరోజు నీకు ఉత్తరం పోస్టు చేసొచ్చి రీలు వెనక్కి చుట్టుకుంటుంటే అతుకు దగ్గర చెయ్యి ఆగింది. ఫిల్ముకి ఒక వైపు నునుపు, ఒక వైపు బొమ్మ పట్టే మందు. పెదవికి తాకిస్తే మందువైపు కాస్త అంటుకుంటుంది. తాకించి చూశాను. నడిమి ముక్కని బోర్లా తిప్పి అతికాను. అలా అతికితే బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమవుతుంది. మాటలుండే గీత అవతలి అంచుకి పోయి పలకదు. ఈ పని నేర్చుకున్న కొత్తలో కూడా నేనలా చేయలేదు. ఆరోజు బావ చూస్తున్నాడని తొందరపడ్డాను.

మర్నాడు సరిచేద్దామని బ్లేడు తీశాను. మ్యాట్నీకి ముందే బావ మెట్లెక్కి వచ్చాడు. గొడుగు కోసమేమో అనుకుని ఇచ్చాను. పక్కన పెట్టి పెట్టె మీద కూర్చున్నాడు. "నిన్నటి ముక్క వస్తుందా" అన్నాడు.

నేను జరిగింది చెప్పాను. కిటికీ సరిగ్గానే కట్టింది, నేనే తిప్పానని. ఆయన లేచి, గడ్డం గీసుకోవడానికి నేను గోడకి పెట్టుకున్న చిన్న అద్దం తీసుకున్నాడు. సీను వచ్చేసరికి తెరకి వీపు పెట్టి కూర్చుని, ఆ అద్దం ఎత్తి పట్టుకుని అందులో చూశాడు. నేనూ ఆయన భుజం మీదుగా చూశాను. తిరగబడింది మళ్ళీ తిరిగింది. కిటికీ దాని చోటికి వచ్చింది. అరచేతిలో పట్టేంత గది. గొడుగు కుర్చీకి వేలాడుతోంది. సన్నాయన చెవి వెలిగింది. మాట లేదు, హాల్లో ఈల కూడా లేదు, జనానికి నిద్దర పట్టినట్టుంది. అంచున ఒక తెల్లటి గీత సన్నగా వణుకుతూ ఉంది. అది మాటల గీత. మామూలుగా అది తెర మీదికి రాదు. తిప్పి అతికాను గనక పక్కకి జరిగి కనబడుతోంది. వినబడదు, ఊరికే వణుకుతూ ఉంటుంది.

"గది ఇదే" అన్నాడు. అద్దం దించకుండానే, "నేను అందులో పనిచేశాను గానీ దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఇది ఆ పిల్ల పడుకుని చూసింది" అన్నాడు.

అప్పటినుంచి రోజూ మ్యాట్నీకి ఆ ముక్క కోసం వస్తాడు. అవగానే వెళ్ళిపోతాడు. మొదటిరోజు లేచి వెళ్ళాడని రాశాను కదా, అదీ అంతే అయ్యుంటుంది. నాకప్పుడు తెలియలేదు. ఈ సినిమా ఎప్పుడో ఎత్తేయాల్సింది, తర్వాతి పెట్టె రాలేదు గనక ఆడుతోంది. కింద పదిమంది కూడా లేరు. అతుకు అలాగే ఉంచాను. అలా ఉంచి తిప్పడం నా పద్ధతి కాదు, కానీ ఉంచాను.

ఇవాళ నీ ఉత్తరం అందింది. గడియ మాట మీ నాన్నకి చెప్పాను. విన్నాడు. అద్దం జేబులో పెట్టుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, వెళ్ళాడు. ఇంటికి వెళ్ళలేదని సాయంత్రం మీ అమ్మ చెప్పింది. ఎక్కడికి వెళ్ళాడో తెలియదు.

పని మానకు. జవాబు వెంటనే రాయి.

మామయ్య

---

జూన్ 17

మామయ్యా,

నీ దగ్గరి నుంచి ఏ మాటా రాలేదు. నాన్న ఇంకేమీ అనలేదనే అర్థం చేసుకున్నాను.

ఇవాళ పని మానేశాను. కొలత టేపు, బ్రష్షులు, గోడకి పాతదనం పూసే సామానంతా నాతో పనిచేసే అమ్మాయికి ఇచ్చేశాను. ఆమె మొహమాటానికి కూడా వద్దనలేదు. బట్టల కొట్టున్న స్నేహితురాలు రమ్మంది, రేపటి నుంచి అక్కడే ఉంటాను, ఆ కొట్టుపేరు కింద రాస్తున్నాను. ఈ గది ఖాళీ చేస్తున్నాను గనక పాత అడ్రసుకి రాయకు.

పోయేముందు సెట్టులోకి వెళ్ళి ఎక్కడికీ వెళ్ళని ఆ మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. పెయింటరు వచ్చి, "అమ్మా, మళ్ళీ రంగేశాం, ఇంకా ఆరలేదు" అన్నాడు. చీరంతా బూడిదరంగు.

పిన్నికి నన్ను క్షమించమని చెప్పు. నాన్నకి ఇక నేను ఏ గదీ కట్టనని చెప్పు.

పిచ్చుక

---

జూన్ 21. ఎండ. చాలారోజులకి గది తలుపు బార్లా తీశాను. రీళ్ళ పెట్టెలు ఎండలో పెట్టి తిప్పాను.

పిచ్చుకా,

నా క్రితం ఉత్తరం పాత అడ్రసుకి పోయింది. అందిందో లేదో. అందకపోతే ఎలాగైనా తెప్పించుకో. కిటికీ సరిగ్గా ఉంది. నువ్వు కట్టిన పక్కనే ఉంది. నేను రీలు తిప్పి అతికాను. ముందు ఇది చదువు, మిగిలింది తర్వాత.

ఆరోజు చెప్పులు వేసుకుని మీ నాన్న వెళ్ళింది టీచరమ్మ ఇంటికి. ఆవిడ లేదు, అక్క కూతురి ఊరు వెళ్ళిందట. ఆవిడ వచ్చేదాకా రోజూ వెళ్ళి తలుపు చూసి వచ్చాడు. నిన్న తీసుకొచ్చాడు. ఒక్కసారి వచ్చి చూడమన్నాడే గానీ ఏం చూడాలో ముందుగా చెప్పలేదట. నేనూ చెప్పలేదు. ఆవిడ నా మెట్లెక్కుతూ, "మళ్ళీ అదే చూపిస్తారా, నాకు ఒకసారి చాలదా" అంది. కోపంగా కాదు. అలిసిపోయినట్టు.

నా గదిలో ముగ్గురికి చోటు లేదు. ఆవిడని పెట్టె మీద కూర్చోబెట్టాను. బావ అద్దం చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చూపించాడు. ఆవిడకి నవ్వొచ్చింది, తల దువ్వుకోమంటున్నారా అంది. సౌండు కట్టేశాను. గది వచ్చింది.

ఆవిడ అద్దాన్ని మొహానికి దగ్గరగా తీసుకుంది. ముందు గొడుగు చూసి, "ఇదెక్కడిది" అంది. తర్వాత ఆయన ఫోనెత్తాడు. వేషం వేసిన మనిషికి సన్నాయన పోలికే లేదు, నీకూ తెలుసు. కానీ ఆ తల వంచడం, ఆ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టడం. పెదాలు కదిలాయి. అంచున గీత వణికింది.

"ఆలస్యమవుతుంది, తలుపు గడియ పెట్టకు అంటున్నారు" అంది.

మాకు చెప్పడానికి అన్నది కాదు. రోజూ వినే మాట వినబడినట్టు అంది. ముక్క అయిపోయింది, సౌండు వేయాలి, వేయడం మర్చిపోయాను. కింద ఎవరో అరిచారు. వేశాను.

బావ అప్పుడు చెప్పాడు. "ఆ మాట మా అమ్మాయికి గుర్తుంది టీచరమ్మా. అదే రాయించింది. వాళ్ళు తర్వాత మార్చారు." ఆవిడ అద్దం ఒళ్ళో పెట్టుకుని, "మారిస్తే మార్చారు. పెదాలు మార్చలేదుగా" అంది. దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆగి నీ గురించి అడిగింది, ఎక్కడుంది, తింటోందా అని. చివరి రోజులవరకు ఆయన ఇంటికొచ్చేదాకా గడియ పెట్టలేదంది. ఆయన పోయాక కూడా కొన్నాళ్ళు పెట్టలేదట.

ఆవిడ వెళ్ళాక నీ పదిహేడో తారీకు ఉత్తరం మీ నాన్న చేతికిచ్చాను. నీ ఉత్తరం ఆయనకి చూపించడం ఇదే మొదలు. ఎక్కడికీ వెళ్ళని మెట్ల దగ్గర నవ్వాడు. ఏ గదీ కట్టను అన్నచోట మడిచాడు.

"దాన్ని రమ్మను" అన్నాడు. నేను రాస్తానన్నాను. "నేను అన్నానని రాయి" అన్నాడు. ఆయనే రాయొచ్చు కదా అన్నాను. "రాస్తే దిద్దుకుంటూ కూర్చుంటాను, పోస్టు చేయను, నా సంగతి నీకు తెలుసు" అన్నాడు.

కొత్త పెట్టెలు గురువారం వస్తాయి. ఈ సినిమాకి గురువారం మ్యాట్నీ ఆఖరు. శుక్రవారం పొద్దున బస్సుకి పెట్టెలు వెనక్కి వెళ్ళిపోతాయి. నువ్వు ఇంతవరకు చూడలేదు. ఆలోపు రా.

మామయ్య

---

జూన్ 24

మామయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. పాత ఇంటావిడ మొదటిది తన తలగడ కింద పెట్టుకుని మర్చిపోయిందట. తెచ్చి ఇచ్చింది, విప్పిన గుర్తులున్నాయి, ఆవిడ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

నేను ముందు రెండోది చదివాను, తర్వాత మొదటిది. అందుకని నాకు పిన్ని ముందు వినబడింది, నాన్న తర్వాత కనబడ్డాడు, ఆ తర్వాతే కిటికీ తిరిగింది. కొట్టులో బట్టల తానుల మధ్య కూర్చుని చదివాను. వెనక ఎవరో తానులు విప్పుతుంటే గుడ్డల మీద పడి ఎండ రంగులు మారుతోంది. ఏ పక్క నుంచి వస్తోందో చూసుకోలేదు.

సామాను తీసుకున్న అమ్మాయి దగ్గరికెళ్ళి టేపు అడిగాను. "ఇచ్చేశాక వెనక్కి ఇచ్చేది లేదక్కా" అంది. కొత్తది కొనుక్కున్నాను. మేడ ఇల్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. వరండాలోకి ఎండ ఎటునుంచి రావాలో చెప్పి వచ్చాను.

గురువారం సాయంత్రం బస్సుకి దిగుతాను. మ్యాట్నీ అయిపోతుంది, తెలుసు. ఆ ముక్క ఒక్కటి ఆపి ఉంచు. నాన్నతో ఏం మాట్లాడాలో దారిలో ఆలోచించుకుంటాను. బస్సులో నాకు నిద్రపట్టేస్తుంది గనక ఏమీ ఆలోచించననే అనుకుంటున్నాను.

నీ పిచ్చుక

---

జూన్ 26. ఎండ, గాలి. పొద్దున కొత్త సినిమా పెట్టెలు దించుకున్నాను. ప్రొజెక్టరుకి నూనె పెట్టాను.

పిచ్చుకా,

ఇది పోస్టు చేసే ఉత్తరం కాదు, నువ్వు దారిలో ఉన్నావు. కానీ నీ ఉత్తరానికి జవాబు రాయాలి. రాయకపోతే నాకు రోజు ముగిసినట్టుండదు.

మ్యాట్నీ అయింది. ఆఖరి ఆట గనక గేటుమనిషి కూడా లోపలికొచ్చి కూర్చున్నాడు. హీరో దూకినప్పుడు మళ్ళీ దూకమన్నాడు. ఫస్ట్ షో లేదు, తెర ఉతకాలని మేనేజరు ఆపించాడు. హాలు ఖాళీగా ఉంది, తలుపులు తీసి ఉన్నాయి, కుర్చీల వరసల మీద ఎండ మెల్లగా నడుస్తోంది. ఈ వేళప్పుడు నేను ఈ హాలుని ఎప్పుడూ చూడలేదు.

మీ నాన్న మధ్యాహ్నం నుంచి బస్టాండులోనే ఉన్నాడు. బస్సు సాయంత్రమని మీ అమ్మ చెప్పింది. "తెలుసు" అన్నాడట. అద్దం ఆయన జేబులోనే ఉంది. పది రోజులుగా తడుముకుంటూ గడ్డం గీసుకుంటున్నాను, రెండుచోట్ల కోసుకున్నాను.

రీళ్ళు వెనక్కి చుట్టాను. పెట్టెలకి తాళ్ళు బిగించాను, ఆ రీలున్న పెట్టె తప్ప. అది ప్రొజెక్టరుకి ఎక్కించి పెట్టాను, నీకోసం. నువ్వు చూశాక అతుకు విప్పి, తిప్పి, సరిచేసి అతికి పంపాలి. ఇంతవరకు నా చేతిమీదుగా తప్పు అతుకుతో ఏ పెట్టే వెనక్కి పోలేదు. పొద్దున బావతో ఆ మాటే అన్నాను. ఆయన, "సరిచేస్తే వచ్చే ఊరివాళ్ళు ఏం వింటారో ఆలోచించుకో" అన్నాడు. టీచరమ్మ కూడా ఇందాక వచ్చి కింద మూడో వరసలో కూర్చుంది.

బ్లేడు, అతికే మందు సీసా బల్ల మీద పెట్టుకున్నాను. సీసా మూత తీస్తే మందు ఆరిపోతుంది, ఇంకా తీయలేదు.

బస్సు హారన్ వినబడింది. రోడ్డు మీద మీ నాన్న మాట వినబడుతోంది. ఆయన అంతసేపు మాట్లాడడం నేను ఇదివరకు వినలేదు. నీ నవ్వు కూడా. ఇప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు, రెండు జతలు. మీ నాన్న, "నెమ్మది, ఇవి నిజంగా పైకి వెళ్ళే మెట్లు" అంటున్నాడు.

దీపం వెలిగించాను. సౌండు కట్టేశాను. అతుకు వస్తోంది, సీసా మూత తీయలేదు.